కన్వర్టర్ బిగిస్తే చాలదు, ఇంజిన్‌తో కుదరాలి

రావికమతం మీదుగా పోయే భీమునిపట్నం-నర్సీపట్నం (బీఎన్) రోడ్డు చుట్టుపక్కల ఊళ్లలో చెరువు పూడిక తీయాలన్నా, ఇంటికి పునాది తవ్వాలన్నా, టిప్పర్‌లోకి మట్టి ఎత్తాలన్నా ముందు గుర్తొచ్చేది జేసీబీయే. 1979లో ఎస్కార్ట్స్ భాగస్వామ్యంతో హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో మొదలైన ఈ కంపెనీ బళ్లు ఒక చేతి నుంచి మరో చేతికి మారుతూ ఒక్క బండితో బతికే చిన్న యజమానుల దాకా వచ్చాయి. వీటిలో గేర్లు చేత్తో మార్చుకోవాల్సిందే గానీ, ముందుకూ వెనక్కూ పోవడానికి క్లచ్ పెడల్ తొక్కే పనిలేదు. ఇంజిన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది. పాత ఆటోమేటిక్ కార్లలోనూ ఉండేది ఇదే. అది పోయినప్పుడు పాత సామాన్ల దుకాణంలో అందరూ అడిగేది ఒకటే: ‘మన బండికి పడుతుందా?’ అది అడగాల్సిందే, కానీ దానితో సగం పనే అవుతుంది. ఆ కన్వర్టర్ మన ఇంజిన్‌కు తగినదేనా అని తేల్చుకోకుండా కొంటే, బోల్టులన్నీ చక్కగా బిగిసిన బండి కూడా ఏళ్ల తరబడి డీజిల్ తాగుతూ పని తగ్గిస్తుంది.

ఎందుకో తెలియాలంటే లోపల జరిగేది చూడాలి. జర్మన్ ఇంజినీరు హెర్మన్ ఫోటింగర్ 1905లో ఓడల కోసం పేటెంటు పొందిన ఆలోచన ఇది. ఇంజిన్‌తో పాటు తిరిగే రెక్కల చక్రం ఆయిల్‌ను విసురుతుంది. ఆ ఆయిల్ ఎదురుగా ఉన్న టర్బైన్‌ను తిప్పుతుంది. తిరిగొచ్చే ఆయిల్‌ను మధ్యలో ఉన్న స్టేటర్ దారి మళ్లించి మళ్లీ మొదటి చక్రానికి సాయంగా పంపుతుంది. బండి కదలక మొరాయిస్తున్నప్పుడు ఇంజిన్ బలం రెండింతలకు పైగా పెరిగి గేర్‌బాక్సుకు అందేది ఈ స్టేటర్ వల్లే. ఆయిల్ ఎంత భారం మోయగలదన్నది చక్రం వ్యాసానికి ఐదో ఘాతంలో మారుతుంది. లెక్క వేసి చూడండి: రెక్కల ఆకారం ఒకటే అయినా 300 మిల్లీమీటర్ల కన్వర్టర్ స్థానంలో 280ది పెడితే, అదే వేగంలో అది మోసే భారం దాదాపు 29 శాతం పడిపోతుంది. అదే ఇంజిన్ టార్కును నిలువరించడానికి చక్రం సుమారు 19 శాతం ఎక్కువ వేగంగా తిరగాలి. తేడా చూస్తే రెండు సెంటీమీటర్లే! పైగా వ్యాసం సరిగ్గా సరిపోయినా రెక్కల వాలు వేరైతే లెక్క మళ్లీ మారిపోతుంది. వెల్డింగ్ చేసిన డొల్ల లోపల ఆ వాలు బయటికి కనిపించదు.

జేసీబీ విషయంలో ఇది కారు కన్నా ఎక్కువ బాధిస్తుంది. బకెట్‌ను, బూమ్‌ను ఆడించే హైడ్రాలిక్ పంపు కూడా అదే ఇంజిన్‌తో తిరుగుతుంది కదా. ఇంజిన్‌కు మించిన బిగువైన కన్వర్టర్ పెడితే, మట్టికుప్పలోకి దూసుకెళ్లేటప్పుడు ఇంజిన్ వేగం కుంగి నల్లపొగ వస్తుంది, బకెట్ లేవడం మందగిస్తుంది. అప్పుడు నింద పడేది హైడ్రాలిక్ పంపు మీద. మరీ వదులైనది పెడితే ఇంజిన్ అరుస్తుంది, బండి మాత్రం నెట్టదు, ఆయిల్ కాగిపోతుంది. పాత బళ్లలో కిర్లోస్కర్ ఇంజిన్లున్నవీ ఉన్నాయి, తర్వాతి వాటిలో జేసీబీ సొంత ఇంజిన్లున్నవీ ఉన్నాయి. మోడల్ పేరు ఒకటే కదా అని ఒకదాని కన్వర్టర్ ఇంకొకదానికి తేవడంలో ప్రమాదం ఇక్కడే ఉంది.

‘ముప్పై ఏళ్ల అనుభవమున్న మేస్త్రీ చేతికి తెలియదా?’ అని ఎవరైనా అడగవచ్చు. బేరింగు చప్పుడు, మాడిన ఆయిల్ వాసన వంటివి ఆ చేతికీ ముక్కుకూ తెలుస్తాయి, అందులో సందేహం లేదు. రెక్కల వాలు మాత్రం ఏ చేతికీ అందదు. దానికి ఉన్న సాక్ష్యం డొల్ల మీద కొట్టిన నంబరు. తుప్పు గీకి, దాన్ని బండి పార్టుల పుస్తకంతో, ఇంజిన్ నంబరుతో కలిపి చూడాలి. నంబరు చెరిగిపోతే వ్యాసం, హబ్ మందం, గేర్‌బాక్సు ఆయిల్ పంపును తిప్పే చెవుల ఆకారం, లోపలి స్ప్లైన్ల పళ్ల లెక్క, బోల్టు రంధ్రాల మధ్య దూరం కొలవాలి. ఇవన్నీ కలిసినా తెలిసేది అది బిగుస్తుందనే.

మిగతా సగాన్ని స్టాల్ పరీక్ష తేలుస్తుంది. కొత్తది కొనకముందే పాతదానిపైనా, కొన్నది బిగించాక దానిపైనా ఈ పరీక్ష చేయాలి. ఆయిల్ బాగా వేడెక్కాక, చుట్టూ ఎవరూ లేకుండా చూసుకుని, బ్రేకు గట్టిగా తొక్కి, మాన్యువల్ చెప్పిన గేర్‌లో పూర్తి యాక్సిలరేటర్ ఇచ్చి ఇంజిన్ ఎంత ఆర్‌పీఎం దగ్గర ఆగిందో చూడాలి. ఆ సమయంలో ఇంజిన్ శక్తి అంతా ఆయిల్‌లో వేడిగా మారుతుంది కాబట్టి కొన్ని సెకన్లకు మించకూడదు. అంకె మాన్యువల్‌లో ఉన్నదానికన్నా బాగా ఎక్కువైతే గేర్‌బాక్సులోని క్లచ్ ప్లేట్లు జారుతున్నాయి, లేదా ఆయిల్ తక్కువైంది. బాగా తక్కువైతే ఇంజిన్ నీరసించింది, లేదా స్టేటర్‌ను ఒకవైపే తిరగనిచ్చే క్లచ్ పట్టు వదిలేసింది. బకెట్‌ను చివరిదాకా ఎత్తి లివర్ అలాగే పట్టుకున్నప్పుడు ఇంజిన్ కుంగకుండా భారం మోస్తే అనుమానం స్టేటర్ మీదికే పోతుంది. బయలుదేరేటప్పుడు బాగా లాగి, ఖాళీ రోడ్డు మీద వేగం అందుకోక వేడెక్కే బండిలో స్టేటర్ బిగుసుకుపోయిందనుకోవాలి. ఈ పరీక్ష చేయకుండా కన్వర్టర్ మార్చినవాడు, అసలు లోపం క్లచ్ ప్లేట్లలో ఉంటే, మంచి కన్వర్టర్‌ను తీసేసి ఏదో తెలియనిదాన్ని పెట్టుకున్నట్టే.

కొత్తదాని ధర చిన్న యజమానికి భారమేననడంలో అబద్ధం లేదు. అందుకే పాతది వద్దనడం న్యాయం కాదు. నంబరు కుదిరిన పాత కన్వర్టర్‌ను లేత్ మీద కోసి, స్టేటర్ క్లచ్, బేరింగులు మార్చి, మళ్లీ వెల్డింగ్ చేసి బ్యాలెన్స్ చేసే పనివాళ్లకు ఇవ్వచ్చు. ఏమైనా సరే, క్లచ్ ప్లేట్లు మాడిన గేర్‌బాక్సు నుంచి తీసినదాన్ని అలాగే పెట్టకూడదు. అందులో చేరిన ఇనుప రజను వెల్డింగ్ డొల్లలోంచి కడిగితే పూర్తిగా పోదు, ఆయిల్ కూలర్‌నూ శుభ్రం చేయకపోతే కొత్త ప్లేట్లను కూడా తినేస్తుంది. బిగించే ముందు హబ్ చెవులు పంపులోకి పూర్తిగా దిగాయో లేదో హౌసింగ్ అంచు మీద స్కేలు అడ్డంగా పెట్టి లోతు కొలవాలి. దిగకుండానే బోల్టులతో లాగితే మొదటి స్టార్టుకే పంపు పగులుతుంది.