ఉద్యమం దాచిపెట్టిన పేరు

1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో మార్టిన్ లూథర్ కింగ్ చేసిన ప్రసంగాన్ని వక్తృత్వ పోటీల కోసం మా బడిలో ఎందరో పిల్లల చేత వల్లె వేయించాను. రెండున్నర లక్షల మంది ఆ మైదానానికి ఎలా చేరారు, ఏం తిన్నారు, వాళ్ళను క్రమంలో ఉంచింది ఎవరు అని ఏ పిల్లవాడూ అడగలేదు. నేనూ అడగలేదు. ఆ పనంతా రెండు నెలల్లో నడిపించిన మనిషి బయార్డ్ రస్టిన్. ఆ పేరు మన దాకా రాకపోవడం యాదృచ్ఛికం కాదు. అతను స్వలింగ ప్రేమికుడు, ఆ సంగతి దాచుకోనివాడు.

రస్టిన్ 1912లో పెన్సిల్వేనియాలోని వెస్ట్ చెస్టర్‌లో పుట్టాడు. అమ్మమ్మా తాతయ్యా పెంచారు. చాలాకాలం వాళ్ళనే కన్నవాళ్ళనుకున్నాడు. అమ్మమ్మ జూలియాది క్వేకర్ సంస్కారం. తన మనసు మగపిల్లల వైపు పోతోందని చెప్పినప్పుడు ఆమె కసురుకోలేదు. కొంతకాలం యువ కమ్యూనిస్టు లీగులో పనిచేసి 1941లో బయటికొచ్చాడు. యుద్ధానికి వెళ్ళనన్నందుకు 1944 నుంచి 1946 దాకా జైలులో ఉన్నాడు. గాంధీ హత్య జరిగిన 1948లోనే మన దేశం వచ్చి గాంధేయ కార్యకర్తలతో గడిపి వెళ్ళాడు.

1940లలో జరిగిన ఒక బస్సు ప్రయాణం గురించి అతను ముసలితనంలో చెప్పాడు. నల్లవాళ్ళకు కేటాయించిన వెనక సీట్లకు నడిచి వెళుతుంటే ఒక తెల్ల పసిబిడ్డ చెయ్యి చాపి అతని ఎర్ర టై పట్టుకుంది. నల్లవాణ్ణి ముట్టుకోకూడదని తల్లి బిడ్డను గద్దించింది. తాను నోరు మూసుకుని వెనక్కి పోయి కూర్చుంటే ఆ బిడ్డకు ద్వేషం నేర్పడంలో తనకూ వంతు ఉన్నట్టేనని అప్పుడనిపించిందట. ఆ వెంటనే మరో సంగతి తట్టింది: తన ప్రేమను దాచుకోవడం కూడా అలాంటి వంతే.

‘అది వ్యక్తిగత సమస్య, ఉద్యమానికి సంబంధం లేదు’ అనేవారు ఈ క్రమాన్ని గమనించాలి. రస్టిన్‌కు తన్ను తాను అంగీకరించడం ఏకాంతంలో జరిగిన అంతర్మథనం మాత్రమే కాదు. వర్ణవివక్ష మీద పోరాటం నేర్పిన తర్కాన్నే అతను తన జీవితానికి అన్వయించుకున్నాడు. ఆ తర్కాన్ని అతనికి నేర్పిన ఉద్యమం మాత్రం దాన్ని అతని దాకా రానివ్వలేదు.

1953 జనవరిలో కాలిఫోర్నియాలోని పసడీనాలో అతన్ని మరి ఇద్దరు పురుషులతో పాటు అరెస్టు చేశారు. అరవై రోజుల శిక్ష పడింది. పన్నెండేళ్ళు పనిచేసిన శాంతివాద సంస్థ అతన్ని వదిలించుకుంది. 1956లో మాంట్‌గమరీ బస్సుల బహిష్కరణ సాగుతుండగా కింగ్‌కు అహింసా పోరాట పద్ధతులు దగ్గరుండి చెప్పింది అతనే. 1960లో నల్లజాతి కాంగ్రెస్ సభ్యుడు ఆడమ్ క్లేటన్ పావెల్, కింగ్‌కూ రస్టిన్‌కూ లేని సంబంధం అంటగట్టి బయటపెడతానని బెదిరించాడు. రస్టిన్ రాజీనామా చేశాడు. కింగ్ వద్దనలేదు. కింగ్ మహనీయతను తక్కువ చేయడానికి ఈ మాట రాయడం లేదు. బెదిరించినవాడు బయటి శత్రువు కాదు, వదులుకున్నవాడూ శత్రువు కాదు. అదే మనం ఆలోచించవలసింది.

1963లో కథ కొంచెం మారింది. రస్టిన్ నాయకుడైతే శత్రువుకు ఆయుధం ఇచ్చినట్టేనని రాయ్ విల్కిన్స్ అభ్యంతరపెట్టాడు. వయోవృద్ధుడైన కార్మిక నాయకుడు ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ సారథ్యం తనే తీసుకుని, సహాయకుడిగా రస్టిన్‌ను పెట్టుకున్నాడు. బస్సులు, మరుగుదొడ్లు, తాగునీరు, ఎండకు పాడవని తిండి, ఆయుధం లేకుండా జనాన్ని అదుపు చేయడంలో శిక్షణ పొందిన నల్లజాతి పోలీసులు, ఇలా ప్రతిదీ అతని లెక్కలో ఉంది. సభకు రెండు వారాల ముందు సెనేటర్ స్ట్రామ్ థర్మాండ్ సెనేట్‌లో లేచి రస్టిన్ కమ్యూనిస్టనీ, నీతి తప్పినవాడనీ పాత అరెస్టు కాగితాలు చదివాడు. ఈసారి రాండాల్ఫ్ పక్కకు జరగలేదు. మిగతా నాయకులూ జరగలేదు.

రస్టిన్‌ను దేవుణ్ణి చేయనక్కరలేదు. వియత్నాం యుద్ధం విషయంలో అతని మెతకదనాన్ని తోటి శాంతివాదులే తప్పుపట్టారు, నా దృష్టిలో సరిగానే తప్పుపట్టారు. 1969లో న్యూయార్క్ స్టోన్‌వాల్ తిరుగుబాటుతో స్వలింగ ప్రేమికుల ఉద్యమం రగిలినప్పుడు కూడా అతను అందులో లేడు. ఈ మాట అతనే ఒప్పుకున్నాడు. 1986లో ఒక సంకలనానికి వ్యాసం అడిగితే, పరిస్థితులు తన్ను బయటికి నెట్టాయనీ, ఈ పోరాటంలో ముందున్నానని చెప్పుకోవడం నిజాయితీ కాదనీ జవాబు రాశాడు. కానీ 1977 నుంచి తోడున్న వాల్టర్ నేగెల్ ప్రోత్సాహంతో, డెబ్బై దాటిన వయసులో, అతను గొంతు విప్పాడు. న్యూయార్క్ నగరంలో స్వలింగ ప్రేమికుల హక్కుల బిల్లుకు మద్దతుగా 1986లో సాక్ష్యం చెప్పాడు. పెళ్ళికి చట్టం ఒప్పుకోని కాలం కనుక 1982లో నేగెల్‌ను దత్తత తీసుకున్నాడు. ప్రియుణ్ణి కొడుకుగా రాయించుకుంటే తప్ప కుటుంబం కాలేని స్థితి అది! 1987లో రస్టిన్ మరణించాడు. పసడీనా శిక్షకు క్షమాభిక్ష 2020లో వచ్చింది.

మన దగ్గర 377వ సెక్షన్ వలస ప్రభుత్వం 1860 శిక్షాస్మృతిలో పెట్టింది. ఇష్టపూర్వకమైన సంబంధాలను దాని నుంచి తప్పిస్తూ సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తీర్పు చెప్పింది. సామ్రాజ్యవాదం వదిలి వెళ్ళిన ప్రతి చట్టాన్నీ తూర్పారబట్టిన మన అభ్యుదయ విమర్శ ఈ ఒక్క దాని దగ్గర ఎందుకు మెత్తబడిందో నాకు తెలుసు, ఎందుకంటే నేనే మెత్తబడ్డాను. కొన్నేళ్ళ కిందట ఇద్దరు మగవాళ్ళ ప్రేమ గురించి ఒక యువకుడు రాసిన కథను సమీక్షిస్తూ, ‘దిగుమతి అయిన బూర్జువా రోగం’ అని రాశాను. కథలో శిల్పలోపం ఉంది. దాని గురించి ఒక్క వాక్యమూ రాయలేదు. ఆ యువకుడి కథ తరువాత ఎక్కడా కనిపించలేదు.

ఈ వ్యాసం కోసం ఆ కథను మళ్ళీ చదవాలనుకున్నాను. మా గ్రంథాలయంలో ఆ సంచిక దొరకలేదు. నా సమీక్ష మాత్రం కత్తిరించి అంటించిన కాగితంగా నా ఫైలులో ఉంది.