బరువైన ట్రైలర్‌ను లాగడం: మాన్యువల్ గేరా, ఆటోమేటిక్ గేరా?

1. లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
అ) ట్రైలర్ లాగడానికి కావలసిన బలాన్ని లెక్కించగలుగుతారు.
ఆ) మాన్యువల్, ఆటోమేటిక్ గేరుబాక్సులు ఆ బలాన్ని ఎలా అందిస్తాయో వివరించగలుగుతారు.
ఇ) చేసే పనికి తగిన గేరుబాక్సును ఎంచుకోగలుగుతారు.

2. ఉపోద్ఘాతం

అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలు గోదావరి డెల్టాలోనివి. ఇక్కడ కొండలు లేవు కాబట్టి బరువు లాగడానికి ఏ గేరుబాక్సయినా సరిపోతుందని మీకు అనిపించవచ్చు. కాని సార్వా కోతలయ్యాక ధాన్యం బస్తాలతో నిండిన ట్రాక్టరు ట్రక్కు తడి చేలో నుంచి కదలాలి, కాలువ గట్టు ఎక్కాలి, ఆపైన వంతెన ఎక్కి దిగాలి. గేరుబాక్సుకు అసలు పరీక్ష ఈ చోట్లనే.

3. ఎంత బలం కావాలి?

ట్రాక్టరు, ట్రక్కు, సరుకు కలిసి 6 టన్నులు అనుకుందాం. మొత్తం బరువు 6000 × 9.8 = 58,800 న్యూటన్లు. చక్రాలు దొర్లడానికి ఎదురయ్యే నిరోధం తారురోడ్డు మీద బరువులో 2 శాతం, బురదలో 10 శాతం అనుకుంటే:

తారురోడ్డు, చదును: 1,176 న్యూటన్లు
తారురోడ్డు, 30 మీటర్లకు 1 మీటరు ఎత్తు పెరిగే వంతెన వాలు: 1,176 + 1,960 = 3,136 న్యూటన్లు
బురద, చదును: 5,880 న్యూటన్లు

చదునైన బురద నేల వంతెన వాలుకంటే దాదాపు రెట్టింపు బలం కోరుతోందని గమనించండి. కాబట్టి కొండలు లేనంత మాత్రాన పని తేలిక కాదు.

4. గేరుబాక్సులు పనిచేసే తీరు

మాన్యువల్ పద్ధతిలో ఇంజనుకూ గేరుబాక్సుకూ మధ్య క్లచ్ ప్లేటు ఉంటుంది. బండి కదిలేవరకు ప్లేటు జారుతూ వేడెక్కుతుంది. బరువుతో గట్టు ఎక్కుతూ హాఫ్ క్లచ్ మీద బండిని నిలబెడితే ప్లేటు త్వరగా కాలిపోతుంది. గట్టు మొదలు కాకముందే తక్కువ గేరు వేసి, మధ్యలో గేరు మార్చకుండా ఎక్కడం దీనికి విరుగుడు.

టార్క్ కన్వర్టర్ ఉన్న ఆటోమేటిక్‌లో ఆ పనిని నూనె ప్రవాహం చేస్తుంది. బండి కదిలే క్షణంలో ఇది ఇంజను తిప్పుబలాన్ని సుమారు రెండింతలు చేయగలదు, అందువల్ల బరువు కుదుపు లేకుండా కదులుతుంది. అయితే జారడం వల్ల పుట్టే వేడి నూనెలోకి చేరుతుంది. ఎక్కువసేపు బరువు లాగే బండికి నూనెను చల్లబరిచే కూలర్ తప్పనిసరి.

గేర్లు వాటంతట అవే మారే బళ్లన్నీ ఇటువంటివి కావు. ఏఎంటీ రకంలో లోపల మామూలు క్లచ్ ప్లేటే ఉంటుంది, దానిని నొక్కే పని మాత్రమే యంత్రం చేస్తుంది. కాబట్టి ప్లేటు వేడెక్కే సమస్య దీనిలోనూ ఉంటుంది.

5. వాలు దిగేటప్పుడు

పై ఉదాహరణలో వంతెన దిగేటప్పుడు వాలు బలం నుంచి నిరోధాన్ని తీసివేస్తే 784 న్యూటన్ల బలం బండిని ముందుకు నెడుతూనే ఉంటుంది. తక్కువ గేరులో దిగితే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. క్లచ్ నొక్కినా, న్యూట్రల్ చేసినా ఆ పట్టు పోతుంది. సొంత బ్రేకులు లేని ట్రక్కు వెనుక నుంచి నెట్టి ట్రాక్టరును పక్కకు తిప్పేయవచ్చు. డీజిలు ఆదా కోసం న్యూట్రల్‌లో దిగడం ప్రాణాలతో చెలగాటమే. ఆటోమేటిక్ బండిలో కూడా వాలుకు ముందే తక్కువ గేరును ఎంచుకోవాలి, లేకపోతే అది పై గేరులోకి మారి పట్టు తగ్గవచ్చు.

6. ఎంపిక

పొలం, గట్టు, వంతెనల మీద తిరిగే ట్రాక్టరుకు తక్కువ గేర్లు బాగా ఉన్న మాన్యువల్ గేరుబాక్సు అనుకూలం. ధర తక్కువ, క్లచ్ ప్లేటు మార్చే మెకానిక్ దగ్గరలోనే దొరుకుతాడు. పదేపదే ఆగి కదిలే రద్దీ రోడ్ల మీద బరువు లాగే బండికి, కూలర్ ఉంటే, టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ మేలు. ఏది ఎంచుకున్నా తయారీదారు నిర్ణయించిన లాగుడు పరిమితిని మించకూడదు.

7. సారాంశం

బండి కదిలే చోటు, ఎక్కే చోటు, దిగే చోటు చూసి గేరుబాక్సును నిర్ణయించాలి. కదిలించడంలో టార్క్ కన్వర్టర్‌కు, ఖర్చులోనూ మరమ్మతులోనూ మాన్యువల్‌కు మొగ్గు ఉంది. దిగేటప్పుడు మాత్రం రెండింటిలోనూ రక్షణ తక్కువ గేరే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పై ఉదాహరణలో వాలు 20 మీటర్లకు 1 మీటరు అయితే, వంతెన ఎక్కడానికి మొత్తం ఎంత బలం కావాలి?
2. ఏఎంటీ బండిలో క్లచ్ ప్లేటు ఎందుకు వేడెక్కుతుంది?
3. మీ ఊరిలో బరువు బళ్లు వెళ్లే ఒక దారిని పరిశీలించి, అక్కడికి ఏ గేరుబాక్సు తగినదో కారణాలతో రాయండి.