కప్పు సంబరం.. మూణ్నాళ్ల ముచ్చట

ఎఫ్ఏ కప్ గెలిచిన మూడు రోజులకే ప్రీమియర్ లీగ్ నుంచి జారిపోయిన విగాన్

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ చరిత్రలో 2013 మే 11, మే 14 తేదీలకు ఒక విచిత్రమైన స్థానం ఉంది. మొదటి తేదీన విగాన్ అథ్లెటిక్ అనే చిన్న పట్టణ జట్టు, అంతకు ముందు ఏడాది లీగ్ విజేతగా నిలిచిన మాంచెస్టర్ సిటీని ఓడించి ప్రతిష్ఠాత్మకమైన ఎఫ్ఏ కప్‌ను చేజిక్కించుకుంది. రెండో తేదీన అదే జట్టు అర్సెనల్ చేతిలో ఓడి, దేశంలోని అత్యున్నత డివిజన్ అయిన ప్రీమియర్ లీగ్‌లో తన స్థానాన్ని కోల్పోయింది. ఒకే సీజన్‌లో ఎఫ్ఏ కప్ గెలిచి, కింది డివిజన్‌కు దిగజారిన తొలి జట్టుగా విగాన్ పేరు రికార్డులకు ఎక్కింది.

దేశంలోని మేటి జట్టును ఓడించగలిగిన జట్టు, దేశంలోని మొదటి 17 జట్లలో ఒకటిగా ఎందుకు నిలవలేకపోయింది? ఈ ప్రశ్నకు జవాబు తెలియాలంటే నాకౌట్ పోటీకీ, లీగ్ పోటీకీ గల తేడాను, 2012-13 సీజన్ నడిచిన తీరును పరిశీలించాలి.

అందరికీ తలుపులు తెరిచే పోటీ

ఎఫ్ఏ కప్ 1871-72లో ప్రారంభమైంది. ప్రపంచంలోని జాతీయ ఫుట్‌బాల్ పోటీలన్నింటిలోనూ ఇదే పాతది. ఓడిన జట్టు ఇంటికి, గెలిచిన జట్టు తర్వాతి రౌండుకు.. ఇదే దీని సూత్రం. మన పాఠకులకు ఈ పద్ధతి కొత్తది కాదు. 1888లో మొదలైన డ్యూరాండ్ కప్, ముంబయిలో జరిగిన రోవర్స్ కప్ ఈ కోవకు చెందినవే. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన సంగతి పాతతరం క్రీడాభిమానులకు గుర్తుండే ఉంటుంది.

2012-13 ఎఫ్ఏ కప్‌లో 758 జట్లు పాల్గొన్నాయి. ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రాలు సాధన చేసే ఆటగాళ్ల జట్ల నుంచి కోట్లాది పౌండ్ల పారితోషికం తీసుకునే తారల జట్ల వరకు ఇందులో ఉంటాయి. అయితే అందరూ ఒకేసారి బరిలోకి దిగరు. చిన్న జట్లు ఆగస్టులోనే అర్హత రౌండ్లు ఆడతాయి. అక్కడ నెగ్గుకొచ్చిన 32 జట్లకు మూడు, నాలుగు డివిజన్లలోని 48 జట్లు తోడై మొదటి రౌండు జరుగుతుంది. రెండో రౌండు ముగిసేసరికి ఈ 80 జట్లలో 20 మాత్రమే మిగులుతాయి. జనవరిలో జరిగే మూడో రౌండులో ప్రీమియర్ లీగ్‌కు చెందిన 20, రెండో డివిజన్‌కు చెందిన 24 జట్లు వచ్చి చేరతాయి. అప్పుడు మొత్తం 64. అక్కడి నుంచి ఆరు రౌండ్లు నెగ్గితే కప్పు దక్కుతుంది.

ఈ పోటీకి ప్రాణం దాని చీటీల పద్ధతిలో ఉంది. ఏ జట్టు ఎవరితో ఆడాలో ప్రతి రౌండుకూ ముందు చీటీ వేసి నిర్ణయిస్తారు. పెద్ద జట్లను విడదీసి కాపాడే ఏర్పాటు ఏదీ లేదు. మొదట పేరు వచ్చిన జట్టుకు సొంత మైదానంలో ఆడే అవకాశం లభిస్తుంది. 2012-13 నాటి నిబంధనల ప్రకారం స్కోరు సమమైతే రెండో జట్టు మైదానంలో మళ్లీ మ్యాచ్ ఆడించేవారు.

చిన్న జట్ల జనవరి

2012-13 సీజన్ నాలుగో రౌండు పెద్ద జట్లకు చేదు అనుభవాన్ని మిగిల్చింది. 2013 జనవరి 26న లీగ్ వ్యవస్థకు వెలుపల, అయిదో అంచెలో ఆడుతున్న లూటన్ టౌన్ జట్టు ప్రీమియర్ లీగ్ జట్టయిన నార్విచ్ సిటీని వారి మైదానంలోనే 1-0తో ఓడించింది. ఆ స్థాయి జట్టు అగ్రశ్రేణి జట్టును ఇంటికి పంపడం 1989 తర్వాత అదే మొదటిసారి. అదే రోజు మూడో డివిజన్‌కు చెందిన ఎంకే డాన్స్ జట్టు ప్రీమియర్ లీగ్‌లోని క్వీన్స్ పార్క్ రేంజర్స్‌ను లండన్‌లో 4-2తో చిత్తు చేసింది.

మర్నాడు మరింత కలకలం రేగింది. మూడో డివిజన్ జట్టు ఓల్డ్‌హామ్ 3-2తో లివర్‌పూల్‌ను మట్టికరిపించింది. లీడ్స్ చేతిలో టోటెన్‌హామ్ 2-1తో ఓడింది. అప్పటి యూరప్ చాంపియన్ చెల్సీని మూడో డివిజన్ జట్టు బ్రెంట్‌ఫోర్డ్ 2-2తో నిలువరించింది. ఫిబ్రవరిలో జరిగిన అయిదో రౌండులో అర్సెనల్ సైతం సొంతగడ్డపై రెండో డివిజన్ జట్టు బ్లాక్‌బర్న్ చేతిలో 0-1తో కంగుతింది.

ఒక్క మ్యాచ్‌లో ఏదైనా జరగవచ్చు. 90 నిమిషాలు గోడ కట్టినట్లు రక్షణలో నిలిచి, ఒక్క కార్నర్‌ను గోలుగా మలచుకుంటే చాలు. నాకౌట్‌లో చిన్న జట్ల ఆశ అంతా దీనిమీదే.

విగాన్ నడిచిన దారి

విగాన్ మాంచెస్టర్ సమీపంలోని పట్టణం. బొగ్గు గనులకు, నూలు మిల్లులకు ఒకప్పుడు ప్రసిద్ధి. అక్కడి ప్రజలకు ఫుట్‌బాల్ కంటే రగ్బీ అంటేనే మక్కువ ఎక్కువ. విగాన్ ఫుట్‌బాల్ జట్టుకు జాతీయ లీగ్‌లో చోటు దక్కిందే 1978లో. స్థానిక వ్యాపారి డేవ్ వీలన్ 1995లో కొనుగోలు చేసేనాటికి అది నాలుగో డివిజన్‌లో ఉంది. పదేళ్లలో, 2005 నాటికి, ప్రీమియర్ లీగ్‌కు చేరింది.

వీలన్ సైతం ఒకప్పటి ఆటగాడే. 1960 ఎఫ్ఏ కప్ ఫైనల్‌లో బ్లాక్‌బర్న్ రోవర్స్ తరఫున ఆడుతుండగా ఆయన కాలు విరిగింది. ఆ రోజుల్లో బదులు ఆటగాడిని దించే నిబంధన లేనందున బ్లాక్‌బర్న్ పది మందితోనే ఆడి, వూల్వర్‌హాంప్టన్ చేతిలో 0-3తో ఓడింది. ఆ తర్వాత 53 ఏళ్లకు ఆయన వెంబ్లీ మైదానంలోకి తన సొంత జట్టుకు ముందు నడిచి వచ్చారు.

అంతవరకు సాగిన ప్రయాణం ఏమంత సులువు కాదు. మూడో రౌండులో మూడో డివిజన్ జట్టు బోర్న్‌మత్‌తో సొంత మైదానంలో 1-1తో సరిపెట్టుకుని, రెండో మ్యాచ్‌లో మౌరో బొసెల్లి చేసిన ఒకే ఒక్క గోలుతో బయటపడింది. నాలుగో రౌండులో లీగ్ వెలుపలి జట్టు మాకిల్స్‌ఫీల్డ్‌పై జోర్డి గోమెజ్ కొట్టిన పెనాల్టీయే గట్టెక్కించింది. హడర్స్‌ఫీల్డ్‌పై 4-1తో గెలిచాక జట్టులో ధీమా పెరిగింది.

క్వార్టర్ ఫైనల్‌లో ఎవర్టన్‌ను వారి మైదానంలోనే 3-0తో ఓడించడం ఈ ప్రయాణానికి మలుపు. ఆ మూడు గోళ్లూ తొలి అర్ధభాగంలో నాలుగు నిమిషాలైనా గడవకముందే వచ్చాయి. ఏప్రిల్ 13న వెంబ్లీలో జరిగిన సెమీఫైనల్‌లో మిల్‌వాల్‌పై షాన్ మలోనీ, కాలమ్ మెక్‌మనమన్ చెరో గోలు సాధించి జట్టును తొలిసారి ఫైనల్‌కు చేర్చారు.

ఆఖరి నిమిషపు తల దెబ్బ

ఫైనల్‌లో మాంచెస్టర్ సిటీయే గెలుస్తుందని అందరూ భావించారు. సెమీఫైనల్‌లో చెల్సీని 2-1తో ఓడించిన ఆ జట్టు, ఫైనల్‌కు ముందు ఆడిన అయిదు మ్యాచ్‌లలో ప్రత్యర్థులకు ఒక్క గోలు మాత్రమే ఇచ్చింది. కానీ 86,254 మంది ప్రేక్షకుల ఎదుట విగాన్ కోచ్ రొబెర్టో మార్టినెజ్ శిష్యులు బెదరలేదు. కేవలం రక్షణకే పరిమితం కాకుండా బంతిని తమ అధీనంలో ఉంచుకుని దాడులకు దిగారు. కుడివైపు నుంచి యువ ఆటగాడు మెక్‌మనమన్ సిటీ రక్షణ శ్రేణిని పదేపదే ఇబ్బంది పెట్టాడు. 84వ నిమిషంలో అతడిని అడ్డుకోబోయి పాబ్లో జబలెటా రెండో పసుపు కార్డు చూశాడు. సిటీ పది మందికి పడిపోయింది.

అంతకు కొద్ది నిమిషాల ముందే మార్టినెజ్ బెన్ వాట్సన్‌ను మైదానంలోకి దించారు. 2012 నవంబరులో లివర్‌పూల్‌తో జరిగిన మ్యాచ్‌లో కాలు విరిగి నెలల తరబడి ఆటకు దూరమైన ఆటగాడు అతడు. నిర్ణీత సమయం ముగిసి అదనపు నిమిషాలు మొదలయ్యాయి. మలోనీ తీసిన కార్నర్ కిక్‌ను వాట్సన్ ఎగిరి తలతో గోలులోకి మళ్లించాడు. 1-0. విగాన్ చరిత్రలో అదే తొలి ప్రధాన ట్రోఫీ. కాలు విరిగి కప్పు పోగొట్టుకున్న యజమానికి, కాలు విరిగి కోలుకున్న ఆటగాడే దానిని అందించడం విశేషం.

ఈ ఓటమి సిటీలోనూ ప్రకంపనలు సృష్టించింది. రెండు రోజుల తర్వాత, మే 13న, ఆ జట్టు మేనేజర్ రొబెర్టో మాంచినిని తొలగించారు. సరిగ్గా ఏడాది క్రితం అదే తేదీన ఆయన ఆ జట్టుకు లీగ్ టైటిల్ సాధించిపెట్టారు.

సంబరానికి సమయమేదీ?

విగాన్ ఆటగాళ్లకు కప్పుతో ఊరేగే తీరిక లేదు. లీగ్ పట్టికలో అట్టడుగున ఉన్న మూడు జట్లు కింది డివిజన్‌కు వెళ్లాలి. విగాన్ ఆ మూడింటిలో ఒకటి. కప్పు మ్యాచ్‌ల కారణంగా లీగ్ మ్యాచ్‌లు సీజన్ చివరకు పోగుపడ్డాయి. మే 7న స్వాన్సీ, 11న ఫైనల్, 14న అర్సెనల్, 19న ఆస్టన్ విల్లా.. ఇలా 13 రోజుల్లో నాలుగు మ్యాచ్‌లు ఆడవలసి వచ్చింది. స్వాన్సీ చేతిలో సొంతగడ్డపై 2-3తో ఓడటం కోలుకోలేని దెబ్బ అయింది. అర్సెనల్‌పై విశ్రాంతి సమయానికి 1-1తో నిలిచినా, ద్వితీయార్ధంలో మూడు గోళ్లు ఇచ్చి 1-4తో ఓడింది. దానితో ఎనిమిదేళ్ల ప్రీమియర్ లీగ్ ప్రస్థానం ముగిసింది.

అంతకు ముందు ఏడాది ఇదే జట్టు ఆఖరి తొమ్మిది మ్యాచ్‌లలో ఏడు గెలిచి అంచుల్లోంచి బయటపడింది. 2013లో ఆ అద్భుతం పునరావృతం కాలేదు.

అంకెలు చెప్పే నిజం

కారణం అంకెల్లోనే కనిపిస్తుంది. లీగ్‌లో 38 మ్యాచ్‌లు ఆడిన విగాన్ తొమ్మిది గెలిచి, తొమ్మిది సమం చేసుకుని, 20 ఓడింది. 36 పాయింట్లతో 18వ స్థానం. ప్రత్యర్థులకు సమర్పించుకున్న గోళ్లు 73. కప్పులో ఏడు మ్యాచ్‌లు ఆడి 13 గోళ్లు చేసి, రెండు మాత్రమే ఇచ్చింది. అయితే ఆ ఏడింటిలో ప్రీమియర్ లీగ్ జట్లతో ఆడినవి రెండే. నాకౌట్ పోటీ ఆ రోజున ఎలా ఆడగలవని అడుగుతుంది. లీగ్ పోటీ పది నెలల పాటు ఎలా నిలబడగలవని అడుగుతుంది. గాయపడిన ఆటగాడి స్థానంలో అంతటి వాడినే దించగల స్తోమత ఉన్న జట్టే రెండో పరీక్షలో నెగ్గుతుంది. చిన్న పట్టణ జట్టుకు ఆ స్తోమత తక్కువ.

డబ్బు లెక్క చూస్తే తేడా మరింత స్పష్టమవుతుంది. కప్పు విజేతకు దక్కిన బహుమతి 18 లక్షల పౌండ్లు. ప్రీమియర్ లీగ్‌లో కొనసాగడం విలువ దానికి ఎన్నో రెట్లు. 2013-14 నుంచి అమలులోకి వచ్చిన మూడేళ్ల దేశీయ టీవీ ఒప్పందం విలువే 300 కోట్ల పౌండ్లకు పైబడి ఉంది. ఆ సీజన్‌లో అట్టడుగున నిలిచిన కార్డిఫ్ జట్టుకు సైతం లీగ్ నుంచి ఆరు కోట్ల పౌండ్లకు పైగా ముట్టింది. సరిగ్గా ఆ పంట చేతికొచ్చే వేళకు విగాన్ పొలం గట్టు దాటిపోయింది.

ఈ కారణంగానే పలు జట్లు కప్పు మ్యాచ్‌లలో ప్రధాన ఆటగాళ్లకు విశ్రాంతినిచ్చి, లీగ్‌పైనే దృష్టి పెడుతుంటాయి. విగాన్ ఉదంతం ఈ వాదనకు బలం చేకూర్చేలా కనిపించవచ్చు. కానీ 17వ స్థానంలో నిలిచిన జట్టును పదేళ్ల తర్వాత ఎవరూ గుర్తుపెట్టుకోరన్నది కూడా అంతే నిజం.

ఆ తర్వాత..

కప్పు విజేత హోదాలో విగాన్ 2013-14లో యూరోపా లీగ్‌లో ఆడింది. రెండో డివిజన్‌లో ఉంటూనే మరోసారి మాంచెస్టర్ సిటీని 2-1తో ఓడించి ఎఫ్ఏ కప్ సెమీఫైనల్‌కు చేరి, పెనాల్టీలలో అర్సెనల్‌కు తలవంచింది. మూడో డివిజన్‌లో ఉన్న 2018లో సైతం సిటీని 1-0తో ఇంటికి పంపింది. మరోవైపు ఆర్థిక కష్టాలు వెంటాడాయి. 2020 జులైలో జట్టు దివాలా ప్రక్రియలోకి వెళ్లి 12 పాయింట్ల కోతకు గురై మూడో డివిజన్‌కు పడిపోయింది. నాలుగో రౌండులో విగాన్‌ను ముప్పుతిప్పలు పెట్టిన మాకిల్స్‌ఫీల్డ్ టౌన్ అదే ఏడాది అప్పుల భారంతో మూతపడి, తర్వాత కొత్త పేరుతో పునర్జన్మ ఎత్తింది. నార్విచ్‌ను ఓడించిన లూటన్ మాత్రం మెట్టు మెట్టూ ఎక్కి 2023లో ప్రీమియర్ లీగ్‌కు చేరింది.

పోటీ నిబంధనలూ మారాయి. 2024-25 సీజన్ నుంచి మొదటి రౌండు మొదలుకొని రెండో మ్యాచ్ పద్ధతిని రద్దు చేశారు. స్కోరు సమమైతే అదనపు సమయం, పెనాల్టీలతో అదే రోజు తేల్చేస్తారు. మ్యాచ్‌ల భారం తగ్గించడానికే ఈ మార్పు అని నిర్వాహకులు చెప్పగా, పెద్ద మైదానంలో మరో మ్యాచ్ ఆడితే వచ్చే టికెట్ల ఆదాయం కోల్పోతామని చిన్న జట్లు ఆవేదన వ్యక్తం చేశాయి.

అయినా కప్పు తన స్వభావాన్ని పూర్తిగా వదులుకోలేదు. 2025 మే 17న క్రిస్టల్ ప్యాలెస్ జట్టు అదే వెంబ్లీలో, అదే మాంచెస్టర్ సిటీని, అదే 1-0 తేడాతో ఓడించి తన తొలి ప్రధాన ట్రోఫీని అందుకుంది. అయితే ఆ జట్టు ప్రీమియర్ లీగ్‌లో తన స్థానాన్ని నిలుపుకుంది. కప్పు గెలిచి డివిజన్ కోల్పోయిన జట్టుగా మాత్రం 2025 వరకు చూసినా విగాన్ ఒక్కటే నిలిచింది.