అకామహతుని ఆనందము



పంతొమ్మిదవ శతాబ్దమున కడప కలెక్టరుగా ఉండిన డబ్ల్యు.డి. హార్స్లీ దొర మైదానపు ఎండలకు తాళలేక ఏనుగు మల్లమ్మ కొండపై వేసవి విడిదిని కట్టించుకొనెను. నాటినుండి కొండకు ఆయన పేరే నిలిచినది. దొర కోరినది చల్లగాలి. ఆ గాలి బంగళా వరండాలో ఎంత చల్లగా వీచునో, వెలుపల మేకలు కాచు పిల్లవానిపైనను అంతే చల్లగా వీచును. అయినను విడిది కావలెనన్న తలంపు పుట్టిన పిమ్మట బాట, నౌకర్లు, సామాను ఒకదాని వెంట ఒకటి కావలసివచ్చును. దొరను ఆక్షేపించుటకు ఈ మాట చెప్పుట లేదు. మన ఇండ్లలో జరుగుచున్నదియు ఇదియే. కోరినది గోరంత, దానికై తలకెత్తుకొన్నది కొండంత.

సుఖమునకు కొలత వేసి చెప్పినది తైత్తిరీయోపనిషత్తు. ఆనందవల్లిలో ఆ లెక్క కలదు. యువకుడు, సజ్జనుడు, చదువుకొన్నవాడు, దృఢగాత్రుడు, బలవంతుడు అయిన ఒకనికి ధనముతో నిండిన భూమి యంతయు వశమైనచో అతని ఆనందము ఒక మానుషానందము. దానికి నూరు రెట్లు మనుష్యగంధర్వుల ఆనందము. దానికి నూరు రెట్లు దేవగంధర్వులది. ఇట్లే పితృదేవతలు, ఆజానజులు, కర్మదేవతలు, దేవతలు, ఇంద్రుడు, బృహస్పతి, ప్రజాపతి మీదుగా బ్రహ్మానందము వరకు పది మార్లు నూరేసి రెట్లు పెరుగును. ఒకటి ప్రక్కన ఇరువది సున్నలు పెట్టవలెను! ఇంత లెక్క వేసిన శ్రుతి మెట్టు మెట్టునను ఒక మాట చేర్చినది. ఆ ఆనందము అకామహతుడైన శ్రోత్రియునకును కలదట.

ఒక్క మొదటి మెట్టున మాత్రము ఆ మాట లేదు. పాఠశాలలో మేము స్వరము తప్పకుండ వల్లించుటయే గాని దీనిని గమనింపలేదు. మా గురువుగారు ఒకనాడు పాఠము ఆపి, "భూమినంతటిని ఏలువానితో శ్రోత్రియుని ఏల సమానము చేయలేదురా?" అని అడిగిరి. ఎవరమును చెప్పలేకపోతిమి. సమాధానము శంకర భగవత్పాదుల భాష్యములో ఉన్నది. మనుష్యభోగములయందు తృష్ణ వదలినవాని ఆనందము చక్రవర్తి ఆనందమునకు సమానము కాదు, నూరు రెట్లు అధికము. కావున అతని లెక్క రెండవ మెట్టునుండియే మొదలగును. చదువును, పాపము లేకుండుటయు అన్ని మెట్లయందు ఒకటే. తృష్ణ తగ్గిన కొలదియే ఆనందము హెచ్చుచున్నదని కూడ వారే తేల్చిరి.

పదమును గమనింపుడు. కామముచేత దెబ్బ తిన్నవాడు కామహతుడు. తృష్ణ బొత్తిగా లేనివాడే అకామహతుడని పెద్దల మాట. గృహస్థులమైన మనకు ఒక్కొక్క మెట్టు ఎక్కినను మేలే. ఆకలికి అన్నము కోరుట దెబ్బ కాదు. అన్నము ముందుండగా పొరుగువాని విస్తరి వంక చూచుట దెబ్బ. యోగసూత్రములకు వ్యాసభాష్యము చెప్పిన అర్థము గృహస్థునకు సులభముగా తోచును: చేతనున్న సాధనమునకు మించి కోరకుండుటయే సంతోషము.

యవన దేశమున ఎపిక్యూరసు (క్రీ.పూ. 341–270) అను తత్త్వవేత్త కోరికలను మూడుగా విభజించెను. సహజమును అవసరమును అయినవి, సహజమైనను అవసరము కానివి, రెండును కానివి. లోకము ఆయనను భోగలాలసుడని పొరబడినది గాని, ఆయన మెచ్చినది రొట్టెయు నీరును. ఆయన దృష్టి దుఃఖము లేకుండుట వద్ద ఆగినది. శ్రుతి దానిని దాటి పోయినది. అయినను మొదటి వడపోత ఇద్దరిదియు ఒకటే.

ఇదంతయు విని మదనపల్లె రైతు ఒకడు నన్ను నిలదీయవచ్చును. "టమోటా ధర పడిపోయి, కోత కూలియు రాక, గంపలు రోడ్డు ప్రక్కన పారబోసిన నాకు సంతోషము బోధింతురా?" న్యాయమైన ప్రశ్న. ఆకలిగొన్నవానికి తృప్తిని బోధించుట ధర్మము కాదని నా నిశ్చయము. అదే ఉపనిషత్తు భృగువల్లిలో అన్నమును నిందింపరాదనియు, విస్తారముగా సమకూర్పవలెననియు, వసతికి వచ్చినవానిని త్రిప్పి పంపరాదనియు వ్రతములు విధించినది. పతంజలి సంతోషమును నియమములలో చేర్చెను. నియమము తనకు తాను పెట్టుకొనునది, ఎదుటివాని నెత్తిన పెట్టునది కాదు. గిట్టుబాటు ధర అడుగుట కామహతి కాదు. 2023 జూలైలో అదే మార్కెట్టులో కిలో నూరు రూపాయలు దాటినప్పుడు, ఇంకను పెరుగునని కాయ కుళ్ళువరకు దాచినవాడు ఎవడైన ఉన్నచో, వానిది కామహతి.

ఈ భేదమును బ్రదికి చూపినది మన ప్రాంతపు తల్లియే. తరిగొండ వెంగమాంబ (1730–1817) బాల్యముననే భర్తను కోల్పోయినది. శిరోముండనమునకు ఒప్పుకొనలేదు. నిందలు పడినది, తలవంచలేదు. తిరుమల చేరి తుంబురుకోనలో తపస్సు చేసినది. వాసిష్ఠ రామాయణమును ద్విపదగా తెలిగించినది. మోక్షద్వారమునకు శమము, విచారము, సంతోషము, సాధుసంగమము అను నలుగురు కావలివారని, ఒకనిని ఆశ్రయించినను తక్కినవారు వశమగుదురని ఆ వాసిష్ఠ బోధ. ఆమెకు సంతోషము లొంగుబాటు కాలేదని ఆమె జీవితమే చెప్పుచున్నది.

నేటికిని తిరుమలలో ఏకాంతసేవ వేళ ఆమె పేరిట ముత్యాల హారతి జరుగుచున్నది. 2011లో అక్కడ ప్రారంభమైన అన్నప్రసాద భవనమునకు ఆమె పేరే పెట్టిరి. అందు ధనికుడును కూలివాడును ఒకే పంక్తిలో కూర్చుండి భుజింతురు.