విశాఖ తీర్పు

విశాఖ తీర్పు అనగా పనిచేసే చోట స్త్రీలపై జరిగే లైంగిక వేధింపుల విషయమై భారత సుప్రీంకోర్టు 1997 ఆగస్టు 13న వెలువరించిన తీర్పు. ప్రధాన న్యాయమూర్తి జె.ఎస్.వర్మ, న్యాయమూర్తులు సుజాతా మనోహర్, బి.ఎన్.కృపాల్ ఈ వ్యాజ్యాన్ని విచారించారు. విశాఖ అనగానే తెలుగువారికి విశాఖపట్నం స్ఫురించడం సహజం. కాని ఇక్కడ అది రాజస్థాన్‌లోని ఒక మహిళా స్వచ్ఛంద సంస్థ పేరు.

నేపథ్యము

జైపూర్ సమీపంలోని భటేరీ గ్రామానికి చెందిన భన్వరీ దేవి, రాజస్థాన్ ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో "సాథిన్", అనగా గ్రామస్థాయి కార్యకర్త. 1992లో ఒక పసిపాప వివాహాన్ని ఆపడానికి ప్రయత్నించినందుకు కక్షగట్టి తనపై సామూహిక అత్యాచారం చేశారని ఆమె ఫిర్యాదు చేసింది. బాల్య వివాహాలను మాన్పించడం ఆమె ఉద్యోగ విధులలో ఒకటి. ఉద్యోగధర్మం నెరవేర్చినందుకు హాని కలిగితే, పని అప్పగించినవారికి బాధ్యత లేదా? మహిళా సంఘాలు లేవనెత్తిన ప్రశ్న ఇదే.

వ్యాజ్య స్వరూపము

సాధారణంగా నష్టపోయిన వ్యక్తే కోర్టుకు వెళ్ళాలి. ప్రజా ప్రయోజన వ్యాజ్యంలో ఈ నియమం సడలుతుంది. కోర్టు మెట్లెక్కలేనివారి పక్షాన, సదుద్దేశంతో ఎవరైనా అర్జీ పెట్టుకోవచ్చు. 1979 నాటి హుస్సేనారా ఖాతూన్ కేసు, 1981 నాటి ఎస్.పి.గుప్తా కేసు ఈ మార్గాన్ని సుగమం చేశాయి. విశాఖ తదితర సంస్థలు రాజ్యాంగంలోని 32వ అధికరణం క్రింద నేరుగా సుప్రీంకోర్టును ఆశ్రయించాయి.

తీర్పు

అప్పటికి ఈ విషయమై ప్రత్యేక చట్టం లేదు. స్త్రీలపై వివక్ష నిర్మూలనకు ఐక్యరాజ్యసమితి 1979లో ఆమోదించిన ఒడంబడికను భారతదేశం 1993లో ధ్రువీకరించింది. దాని వెలుగులో 14, 15, 19, 21 అధికరణాలను అన్వయించి, వేధింపు ఆ హక్కులకు భంగమని కోర్టు తేల్చింది. లైంగిక వేధింపును నిర్వచించింది. ప్రతి సంస్థలోనూ స్త్రీ అధ్యక్షతన ఫిర్యాదుల సంఘం ఉండాలని, సభ్యులలో కనీసం సగంమంది స్త్రీలు కావాలని, బయటి సంస్థ ప్రతినిధి ఒకరుండాలని ఆదేశించింది. పార్లమెంటు చట్టం చేసేదాకా 141వ అధికరణం ప్రకారం ఇవే చట్టమన్నది. శాసనసభల పనిని కోర్టు తలకెత్తుకోవడం తగునా అన్న విమర్శ లేకపోలేదు. కాని చట్టసభలు ఆ తరువాత కూడ పదహారేళ్ళు తీసుకున్నాయన్నది గమనార్హం.

బాధితురాలి కేసు

ప్రజా ప్రయోజన వ్యాజ్యం పరిమితి ఇక్కడే తెలుస్తుంది. తీర్పులో భన్వరీ దేవి పేరు లేదు. "సామాజిక కార్యకర్త" అని మాత్రమే ఉన్నది. క్రిమినల్ కేసు వేరుగా ఉన్నందున దాని జోలికి కోర్టు పోలేదు. జైపూర్ సెషన్స్ కోర్టు 1995లోనే నిందితులను అత్యాచార అభియోగం నుండి విముక్తులను చేసింది. హైకోర్టులో వేసిన అప్పీలు ఏళ్ళ తరబడి తేలలేదు. దేశంలోని ఉద్యోగినులందరికీ ఒక రక్షణ లభించినా, దానికి కారణమైన స్త్రీకి దక్కవలసినది దక్కలేదు.

తదనంతర పరిణామములు

మార్గదర్శకాలు సరిగా అమలు కావడంలేదని 2012లో మేధా కొత్వాల్ లేలే కేసులో సుప్రీంకోర్టే అన్నది. 2013 డిసెంబరు 9 నుండి ప్రత్యేక చట్టం అమలులోకి వచ్చింది. దీని ప్రకారం పదిమంది లేక అంతకు మించి పనిచేసే చోట అంతర్గత సంఘం తప్పనిసరి. అంతకు తక్కువైతే, లేదా యజమానిపైనే ఫిర్యాదైతే, జిల్లాలోని స్థానిక సంఘానికి వెళ్ళాలి. ఇళ్ళలో పనిచేసే స్త్రీలకు కూడ ఇది వర్తిస్తుంది. ఘటన జరిగిన మూడు నెలలలోగా ఫిర్యాదు వ్రాతపూర్వకంగా ఇవ్వాలి. వ్రాయలేనివారికి సంఘమే సహాయం చేయాలి. విచారణకు గడువు 90 రోజులు. అనేక సంస్థలలో ఇంకా సంఘాలే ఏర్పడలేదని 2023 మే నెలలో ఆరేలియానో ఫెర్నాండెజ్ కేసులో కోర్టు విచారం వ్యక్తం చేసి, కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలకు ఆదేశాలిచ్చింది.