పావగడ లెక్కలో లేనివాళ్లు

పావగడ తాలూకా కర్ణాటకలోని తుమకూరు జిల్లాలో ఉన్నా, దాని చుట్టూ చాలామేర పాత అనంతపురం జిల్లా సరిహద్దే. ఇళ్లలో తెలుగు మాట్లాడే ఊళ్లు అక్కడ ఎన్నో. వాన తక్కువ, బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, పంటంటే ప్రధానంగా వేరుశనగ. తిరుమణి, వల్లూరు సహా ఐదు ఊళ్ల పరిధిలో దాదాపు 13,000 ఎకరాల్లో ఇప్పుడు సౌర పలకలు పరుచుకుని ఉన్నాయి. 2018 మార్చిలో ఈ సౌర పార్కు మొదటి దశ ప్రారంభమైంది, 2019 చివరికి పార్కు సామర్థ్యం 2,050 మెగావాట్లకు చేరింది.

ఇక్కడ భూమి కొనలేదు, సేకరించలేదు. ఎకరాకు మొదట ఏడాదికి 21,000 రూపాయల కౌలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. పంట చేతికొస్తుందో రాదో తెలియని రైతుకు ఇది నికరమైన రాబడి, పైగా పట్టా అతని పేరునే ఉంటుంది. ఈ పద్ధతికి వచ్చిన మెప్పు న్యాయమైనదే.

అయితే ఆ 5 శాతం దగ్గర కాస్త ఆగి చూడాలి. పన్నెండు పెంపులు దాటాక, అంటే 24 ఏళ్లకు, కౌలు సుమారు 37,700 అవుతుంది. ఈలోగా ధరలు ఏటా 5 శాతం చొప్పున పెరిగాయనుకుంటే, ఆ సొమ్ముతో కొనగలిగేది మొదటి ఏడాది ధరల్లో 11,700 రూపాయల సరుకే. అంకె పెరుగుతూనే ఉంటుంది, కొనుగోలు శక్తి మాత్రం దాదాపు సగానికి పడిపోతుంది.

భూమి ఉన్నవాళ్లకే ఇలా ఉంటే, లేనివాళ్లకు ఆ మాత్రం కూడా లేదు. వేరుశనగ చేలో కలుపు తీతకు, చెట్లు పీకడానికి, కాయలు కోయడానికి కూలీలు కావాలి, అందులో ఆడవాళ్ల పని ఎక్కువ. పార్కులో మిగిలేవి కాపలా, గడ్డి కోత, పలకలు కడగడం వంటి కొద్దిపాటి పనులు. కంచె పడ్డ నేలలో గొర్రెలకు మేత లేదు.

వీళ్ల గోడు వినడానికి చట్టంలో రెండు తలుపులున్నాయి. ఒకటి పర్యావరణ అనుమతి: థర్మల్ కేంద్రమైతే 2006 నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి, సౌర విద్యుత్తు దాని పరిధిలోకి రాదు. రెండోది 2013 భూసేకరణ చట్టం. దాని ప్రకారం సెంటు భూమి లేని వ్యవసాయ కూలీ కుటుంబం కూడా బాధిత కుటుంబమే. కానీ కౌలు తీసుకోవడం సేకరణ కాదు, కాబట్టి ఆ తలుపూ తెరుచుకోదు. పొగ లేని కరెంటు మనకు కావాల్సిందే. పొగ లేదు గనుక ఊరి మాట వినక్కర్లేదని అనుకోవడమే తప్పు.

నీళ్ల సంగతి కూడా చూద్దాం. ఒక్కో పలక 330 వాట్లనుకుంటే 2,050 మెగావాట్లకు సుమారు 62 లక్షల పలకలు కావాలి. పలకకు రెండు లీటర్ల చొప్పున ఒక్కసారి కడిగితే కోటీ 24 లక్షల లీటర్లు. జలజీవన్ మిషన్ ప్రమాణం మనిషికి రోజుకు 55 లీటర్లు. ఆ లెక్కన 5,000 మంది ఉన్న ఊరికి అవి 45 రోజుల నీళ్లు. నీళ్లు అక్కర్లేకుండా పలకలు తుడిచే యంత్రాలున్నాయి. కరువు నేలలో వాటినే తప్పనిసరి చేయాలి.

పార్కు రాబడిలో కూలీలకు వాటా ఇస్తే కరెంటు ధర భరించలేమనే వాదన ఉంది. మెగావాట్‌కు ఏటా 18 లక్షల యూనిట్లు అనుకుంటే పార్కు మొత్తం ఉత్పత్తి సుమారు 369 కోట్ల యూనిట్లు. మొత్తం 13,000 ఎకరాలకూ మొదటి రేటున కౌలు కట్టినా 27 కోట్ల 30 లక్షలు, అంటే యూనిట్‌కు ఏడున్నర పైసల లోపే. దానికి ఇంకొక్క పైసా కలిపితే ఏడాదికి మూడున్నర కోట్లకు పైగా వస్తుంది. భూమి లేని కుటుంబాల కోసం, మేత కోసం, ఊరి తాగునీటి కోసం ఆ డబ్బును గ్రామసభ చేతిలో పెట్టవచ్చు.

పావగడ ఒక్కటే కాదు, పాత కర్నూలు జిల్లా గని, శకునాల దగ్గర 1,000 మెగావాట్ల పార్కు ఇప్పటికే ఉంది. రాయలసీమ మెట్ట భూముల మీద కంపెనీల చూపు ఇంకా ఉంది. కరెంటు కొనుగోలు ఒప్పందాలు సాధారణంగా 25 ఏళ్లవి, ఒకసారి సంతకాలయ్యాక పైసా కలపడం కూడా కష్టం. కౌలు కాగితాలు ఊరికి వచ్చినప్పుడే, పట్టాదారులతోపాటు కూలీలనూ గొర్రెల కాపరులనూ కూర్చోబెట్టి ఆ పైసా గురించి గ్రామసభ తీర్మానం చేయాలి.