తడి బట్టల బిడ్డను తిట్టకండి - కిడ్నీలను కాపాడండి

ఎచ్చెర్ల: మలద్వారం లేకుండా పుట్టిన బిడ్డకు ఆపరేషన్ జరిగి ప్రాణం దక్కితే గండం గడిచిందని కన్నవారు ఊపిరి పీల్చుకుంటారు. కొందరి విషయంలో మరో చిక్కు బడి ఈడుకు బయటపడుతుంది. బిడ్డ బట్టలు రోజంతా తడిగానే ఉంటాయి. బడిలో వెక్కిరింతలు, ఇంట్లో తిట్లు. చివరకు చదువు మానిపిస్తారు.

ఇందులో బిడ్డ తప్పేమీ లేదు. సుమారు 5 వేల కాన్పుల్లో ఒక శిశువుకు మలద్వారం సక్రమంగా ఏర్పడదు. అరుదుగా ఆడశిశువుల్లో మల, మూత్ర, యోని మార్గాలు మూడూ కలిసి ఒకే రంధ్రంగా ఉంటాయి. వీరిలో కొందరికి నడుము దిగువ ఎముక, అక్కడి నరాలు కూడా సరిగా ఎదగవు. అందువల్ల మూత్రాశయం నిండినట్లు తెలియదు, పూర్తిగా ఖాళీ కాదు. నిండిన కుండ పొర్లినట్లు చుక్కలుగా కారుతుంది. మలబద్ధకం తోడైతే బాధ మరీ ఎక్కువ.

తడి కంటికి కనిపిస్తుంది. కనిపించని ముప్పు వేరే ఉంది. నిలిచిన మూత్రం వెనక్కు తన్ని కిడ్నీలను దెబ్బతీస్తుంది. ఉద్దానం కిడ్నీ జబ్బుకు కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. ఇక్కడ మాత్రం కారణమూ తెలుసు, ఉపాయమూ తెలుసు.

ఆ ఉపాయం ఒక సన్నటి గొట్టం. చేతులు సబ్బుతో కడుక్కుని, 3, 4 గంటలకోసారి గొట్టాన్ని మూత్రమార్గంలోకి పంపి, మూత్రాశయం ఖాళీ కాగానే తీసివేయాలి. ఇందుకు ఆపరేషన్ గది అక్కరలేదు, శుభ్రత చాలునని అమెరికా వైద్యుడు జాక్ లేపిడెస్ 1972లో తెలియజేశారు. ఆసుపత్రిలో నేర్పితే తల్లి చేయగలదు. కాస్త పెద్దయ్యాక బిడ్డే చేసుకోగలదు. కొందరికి మందులు, మరో ఆపరేషన్ కూడా అవసరం కావచ్చు. ఎవరికి ఏది తగునో డాక్టరు నిర్ణయించాలి. సొంత వైద్యం పనికిరాదు.

ఇలాంటి బిడ్డకు తరచూ జ్వరం వస్తున్నా, మూత్రం ధారగా రాకున్నా ఆలస్యం చేయరాదు. శ్రీకాకుళం ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించి స్కానింగ్ చేయించాలి. పిల్లల ఆపరేషన్ల విభాగం విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రిలో ఉంది. ఎచ్చెర్ల నుంచి జాతీయ రహదారిపై సుమారు 100 కిలోమీటర్లు. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న తొలుత మొదలైన మూడు జిల్లాల్లో మనదీ ఒకటి. నేడది ఎన్టీఆర్ వైద్య సేవ. వెళ్లేటప్పుడు కార్డు, పాత ఆపరేషన్ కాగితాలు తీసుకువెళ్లాలి.

ఉపాధ్యాయులకూ ఒక విన్నపం. తలుపు, నీరు ఉన్న మరుగుదొడ్డి, మధ్యలో పది నిమిషాల అనుమతి ఉంటే ఆ బిడ్డ చదువు ఆగదు.